పూచీ కాగితం

మా తమ్ముడి మనవరాలు ఈ వేసవిలో పదిరోజులు నంద్యాలలో మా ఇంట్లో ఉండిపోయింది. పెద్ద పెద్ద బిజినెస్ స్కూళ్ళలో సీటు కోసం పరీక్షలు రాస్తున్న పిల్ల. పొద్దున కాఫీ తాగింది మొదలు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని నమూనా పరీక్షలు రాసేది. ఒక్కొక్కటి అయిపోగానే దేశం మొత్తంలో తనకంటే ముందు ఎంతమంది ఉన్నారో ఆ తెరే చెప్పేసేది. ముందున్నవాళ్ళు ఎక్కువైతే ఆ పూట అన్నం సరిగా తినేది కాదు. ఒకరోజు భోజనాల దగ్గర, "తాతా, మీ కాలంలో ఇట్లాంటి ఎంట్రన్సులు ఉన్నెనా?" అని అడిగింది. ఉండేవనీ, నేనూ ఒకటి రాశాననీ, సీటు రాలేదనీ చెప్పాను. "మరేం చేసినావ్?" అంది. అనంతపురం పోయి చదువుకున్నాను, తర్వాత ముప్పై ఏళ్ళు కామర్సు పాఠాలు చెప్పుకున్నాను అన్నాను. అంతవరకూ నిజమే. కానీ సీటు రాకపోవడం ఆ కథలో చిన్న సంగతి. పెద్ద సంగతి ఆ పిల్లకు చెప్పలేదు. ఊరికి పోయేవాళ్ళకు అలాంటివి ఎందుకులే అనిపించింది. ఆమె వెళ్ళిపోయాక ఇల్లు నిశ్శబ్దమైంది, నాకు మాత్రం ఆ సంవత్సరమే గుర్తుకొస్తూ ఉంది. అందుకని రాస్తున్నాను.

మాది ఆళ్లగడ్డ. నాయనకు నల్లరేగడి చేను ఉండేది. జొన్న, పత్తి, కొర్ర పండించేవాడు. ఆయన తెలుగు కూడబలుక్కుని చదివేవాడు, సంతకం పెట్టేవాడు, అంతకుమించి బడి ఎరగడు. నన్ను మాత్రం హైస్కూలు చదువుకు నంద్యాల పంపించాడు. హాస్టలు తిండి పడక రెండుసార్లు మంచం పట్టాను. అప్పుడు మా ఊరి అయ్యవారు ఒకరు చెప్పగా, ఎస్తేరమ్మ టీచరుగారింట్లో బయటి గది, రెండు పూటలా భోజనం కుదిర్చాడు. వాళ్ళు క్రైస్తవులు. రెడ్డోళ్ళ పిల్లోడు వాళ్ళింట్లో తినడమేమిటని మా పెద్దమ్మ పెద్ద రాద్ధాంతమే చేసింది. నాయన ఒక్క మాట అన్నాడు: "చదువు చెప్పే చేత్తో పెడ్తే అన్నం చెడిపోతాదా? పో వదినా నువ్వు." మా అమ్మకు మాత్రం మనసులో కొంచెం పీకుతూనే ఉండేది. సెలవులకు ఇంటికి పోతే ముందు తలకు స్నానం చేసి రమ్మనేది.

టీచరుగారి ఇంట్లో పొద్దు ఒక పాటతో మొదలయ్యేది. యోహాను అయ్యవారు, అంటే టీచరుగారి భర్త, లెక్కల పంతులుగా చేసి రిటైరైన మనిషి. కళ్ళకు పొరలు కమ్మి పుస్తకం చదవలేకపోయేవారు. ఆయన గొంతెత్తితే తల్లీ కూతుళ్ళు అందుకునేవాళ్ళు. నేను బయటి గదిలో పడుకుని వినేవాణ్ణి. పాట అయిపోయేసరికి బొగ్గుల కుంపటి మీద జొన్నరొట్టె కాలే వాసన వచ్చేది. అన్నం ముందు ప్రార్థన చేసేవాళ్ళు. అయ్యవారి ప్రార్థన పొడుగు. ఊర్లో జబ్బుపడినవాళ్ళందరి పేర్లూ వచ్చేవి, కంచంలో రొట్టె చల్లారిపోయేది. ఆదివారం తర్వాత ఆ ఇంట్లో పెద్ద రోజు శనివారమే. ఆ రోజు టీచరమ్మ వారానికి సరిపడా తెల్లచీరలు గంజి పెట్టి, నీళ్ళు చిలకరించి, ఇత్తడి ఇస్త్రీపెట్టెతో రుద్దేది. తడిబట్ట మీద వేడి పెట్టె పడినప్పుడు లేచే ఆ గంజి వాసన, నిప్పుల వాసన ఇప్పటికీ నాకు ఇంగ్లీషు పాఠంలాగే అనిపిస్తాయి. ఎందుకంటే ఆమె ఇస్త్రీ చేస్తూనే మాకు డిక్టేషను చెప్పేది.

మాకు అంటే నాకూ, మార్తకూ. మార్త వాళ్ళ ఒక్కగానొక్క కూతురు, నా ఈడుదే. ఆ ఏడు ఇద్దరం స్కూలు ఫైనలు క్లాసులో ఉన్నాం. మద్రాసులో టీచరమ్మ పినతండ్రి కొడుకు ఒకాయన ఉండేవాడు. అక్కడి ఒక వ్యాపార విద్యాశాల స్కూలు ఫైనలు ప్యాసైన వాళ్ళకు రెండేళ్ళ చదువు చెబుతోందనీ, ఆ చదువు అయితే కంపెనీలు పిలిచి ఉద్యోగాలిస్తున్నాయనీ, ఆడపిల్లల్ని కూడా తీసుకుంటున్నారనీ ఆయన రాసి, రెండు దరఖాస్తులు పంపించాడు. ఒకటి మార్తకు. రెండోది టీచరమ్మ నాకోసం అడిగి తెప్పించింది. ఆ మాట ఇక్కడ గట్టిగా చెప్పుకోవాలి. నేను అడగలేదు, ఆమే తెప్పించింది. ఆ జాబులోనే చివర ఇంకో వాక్యం ఉంది: మన జిల్లాల నుంచి ఏటా ఇద్దరు ముగ్గురిని మించి తీసుకోవడం లేదట.

రెండు నెలలు చదివాం. మద్రాసు నుంచి ఇంగ్లీషు పేపరు ఒకరోజు ఆలస్యంగా వచ్చేది. అందులో ఒక కాలమ్ చూపించి, దాన్ని మూడోవంతుకు కుదించి రాయమనేది టీచరమ్మ. నోటిలెక్కలు అయ్యవారి వంతు. సాయంత్రం బావి దగ్గర, మేము నీళ్ళు చేది చెట్లకు పోస్తూ ఉంటే, ఆయన బావిగట్టు మీద కూర్చుని లెక్క విసిరేవారు. బొక్కెన పైకి వచ్చేలోగా జవాబు చెప్పాలి. "గంటకు ఇరవైనాలుగు మైళ్ళు పోయే రైలు ఇరవై నిముషాల్లో ఎంత దూరం పోతాది?" నేను ఇరవైనాలుగును అరవైతో భాగించడం మొదలుపెట్టేలోగా మార్త "ఎనిమిది" అనేది, తాడు వదలకుండానే. "ఎట్ల చెప్తివే?" అంటే "గంటలో మూడో పాలు గదా" అనేది. నాకు బట్టీ బాగా వచ్చు. 'నేను వ్యాపార విద్య ఎందుకు చదవదలచుకున్నాను' అనే వ్యాసం దరఖాస్తుతోపాటు పంపాలి. అందులో నేను పేపర్లోంచి ఏరిన పెద్ద పెద్ద మాటలు కూర్చాను. మార్త సగం పేజీయే రాసింది. టీచరమ్మ రెండూ చదివి, నాదాంట్లో చాలా గీతలు కొట్టింది, మార్తదాంట్లో ఒక్క కామా చేర్చింది.

రోజులు గడిచేకొద్దీ నాలో ఏదో మొదలైంది. దానికి అప్పుడు పేరు తెలియదు, ఇప్పుడు తెలుసు. ఇద్దరు ముగ్గురు అంటే ఇద్దరే కావచ్చు, ఒక్కరే కావచ్చు. ఆ ఒక్కరు నేను కాను. ఈ ఆలోచన బావి దగ్గర మొదలై భోజనం దాకా వెంటబడేది. మార్త రొట్టె వడ్డించినా నాకు కోపం వచ్చేది.

దరఖాస్తులో ఒక పేజీ ఉంది. భూమి పట్టా ఉన్న పెద్దమనిషి ఒకరు, బంధువు కానివాడు, 'ఈ విద్యార్థి నడతకు నేను పూచీ' అని చేవ్రాలు చేయాలి. నా కాగితం మీద మా ఊరి పెద్దాయన ఒకరు అప్పుడే సంతకం పెట్టి ఇచ్చాడు. టీచరుగారి వాళ్ళకు తెలిసినవాళ్ళంతా పంతుళ్ళు, నర్సులు, కూలికి పోయేవాళ్ళు. ఒక శనివారం నేను ఊరికి బయలుదేరుతుంటే టీచరమ్మ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, మార్త కాగితాన్ని పేపర్లో చుట్టి నా చేతికిచ్చింది. "ఓబుల్‌రెడ్డీ, మాకు సెంటు భూమి లేదు. మీ నాయనను అడగల్లనుకుంటాండా. ఆయనకు ఇబ్బందనిపిస్తే వద్దనమను, నేనేం అనుకోను." మూడేళ్ళలో ఆమె నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. అడిగేటప్పుడు ఆమె నా మొహం చూడలేదు.

ఆ రెండు రోజులు నాయన ఇంట్లోనే ఉన్నాడు. కాడికి కొత్త పలుపులు పేనుకుంటూ వాకిట్లో అరుగు కట్ట మీద కూర్చున్నాడు. నేను రెండుసార్లు ఆయన పక్కన కూర్చుని లేచి వచ్చాను. మా పెద్దమ్మ ఏమంటుందో, నాయన ఎక్కడ కాదంటాడో, అప్పుడు టీచరమ్మ మొహం ఎలా చూడాలో అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. అవన్నీ సాకులు. సోమవారం నంద్యాలలో కాగితం తిరిగిచ్చి, "నాయన లేడమ్మా. ఎద్దులు కొననీకి ఆత్మకూరు పోయినాడు" అన్నాను. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందంటే, ఎద్దుల రంగు అడిగితే అదీ చెప్పేవాణ్ణి. మరుసటి శనివారం ఆమె మళ్ళీ ఇచ్చింది, నేను మళ్ళీ తీసుకుపోయి తెచ్చాను. "ఇంగా రాలేదమ్మా."

"ఎద్దులు కొననీకి రెండు వారాలా?" అంది మార్త.

"మంచి జత దొరకల్ల గదా," అన్నారు అయ్యవారు, పాపం, నా పక్షాన.

గడువుకు ఎనిమిది రోజులు ఉన్నాయి. ఆ బుధవారం పొద్దున డిక్టేషనుకు మార్త లేదు. ఎక్కడికి పోయిందని అడిగితే టీచరమ్మ, "ఆళ్లగడ్డకు పోయింది. మీ నాయన వచ్చింటాడేమో చూసొస్తానని" అంది. ఆ రోజు ఆమె చెప్పిన వాక్యాల్లో ఒక్కటీ నా చెవికెక్కలేదు.

ఆ తర్వాత జరిగింది మా అమ్మ చెప్పగా విన్నాను. ఎండ ఎక్కే వేళకు గొడుగు వేసుకుని ఒక పిల్ల వాకిట్లో నిలబడిందట. "నేను ఎస్తేరమ్మ టీచరు కూతురినయ్యా. ఆత్మకూరు నుంచి ఎప్పుడొచ్చినారు? ఎద్దులు దొరికినాయా?" అని అడిగిందట.

"ఏ ఎద్దులు పాపా? నేను ఆత్మకూరు పోయి యాడాదాయ," అన్నాడట నాయన.

మార్త "నేనే ఏదో తప్పు విన్నట్టుండా," అని మాట మార్చి, కాగితం తీసి, ఇంగ్లీషులో ఉన్నదంతా తెలుగులో చెప్పి వినిపించిందట. ఆ లోపల అమ్మ మజ్జిగ తెచ్చింది. ఇంట్లోవాళ్ళం తాగే చెంబులో ఇవ్వాలా, బయటివాళ్ళకని గూట్లో పెట్టిన గ్లాసులో ఇవ్వాలా అని గడప దగ్గర ఆగిపోయిందట. నాయన తల తిప్పకుండానే "చెంబులోనే ఇయ్‌మే" అన్నాడట. ఆ మాట చెప్పేటప్పుడు అమ్మ కొంచెం సిగ్గుపడింది.

నాయన కాగితం అటూ ఇటూ తిప్పి, "నీ నడతకు నేను పూచీ అంటే, నీ నడత నాకెట్ల తెలుస్తాది పాపా?" అన్నాడట.

"ఒక్కదాన్నే బస్సెక్కి వచ్చి మిమ్మల్ని మొహామొహీ అడుగుతాండా. ఇంతకంటే ఎట్ల చూపించల్ల అయ్యా?" అందట మార్త.

నాయన పకపకా నవ్వి, లోపలికి పోయి, పండగ చొక్కా వేసుకొచ్చి మరీ సంతకం పెట్టాడట. ఎందుకు వేసుకున్నాడో అమ్మకూ అర్థం కాలేదు.

శనివారం నేను ఇల్లు చేరేసరికి ఆయన కట్ట మీదే ఉన్నాడు. నన్ను కాళ్ళు కడుక్కోనిచ్చాడు. నీళ్ళు తాగనిచ్చాడు. అప్పుడు అడిగాడు: "నేను ఆత్మకూరికి పోయింటినంట గదా. ఎద్దులు యాడ కట్టేసినావ్ రా?"

నేను తాగిన చెంబు కింద పెట్టాను.

"ఆ పిల్ల నీమింద ఒక్క మాట చెప్పలా. కప్పెట్టింది. ఆమె కప్పెట్టినందుకు నాకు ఇంగా సిగ్గయితాంది. ఆ యమ్మ కూడు మూడేండ్లు తింటివి. సీటు రాకపోతే రాకపోనీ, సేద్యం ఉంది. ఇది ఏంది?" అన్నాడు. కొట్టలేదు, అరవలేదు. ఆ మధ్యాహ్నం నన్ను పిలవకుండా తాను ఒక్కడే భోంచేశాడు. ఆయన ఒక్కడే తినగా నేను చూడటం అదే మొదలు.

ఇంత జరిగినా నేను నంద్యాల వచ్చి టీచరమ్మకు చెప్పలేదు. మార్త నాతో ముందులాగే మాట్లాడుతూ ఉంది. క్షమించి మాట్లాడుతోందా, లోపల పెట్టుకుని మాట్లాడుతోందా అని నేను ప్రతి మాటా తడుముకునేవాణ్ణి. దరఖాస్తులు పోయాయి, పరీక్షకు పిలుపులు వచ్చాయి. అయ్యవారు మా ఇద్దరినీ కడప దాకా బస్సులో, అక్కణ్ణుంచి రైల్లో మద్రాసు తీసుకుపోయారు. కళ్ళు కనపడని ఆయన్ను మేము తీసుకుపోయామంటే సరిగా ఉంటుందేమో. రాత పరీక్ష ఇద్దరం బాగానే రాశాం. మరునాడు ముగ్గురు పెద్దమనుషుల ముందు మాట్లాడాలి. అందులో ఒకాయన నన్ను, "నువ్వు నీ చేత్తో ఏదైనా అమ్మినావా? దాని గురించి చెప్పు" అని ఇంగ్లీషులో అడిగాడు. నేను బట్టీ పట్టిన వాటిలో అది లేదు. మా ఇంట్లో అమ్మకాలన్నీ నాయనే చూసేవాడు, నేను బండి పక్కన కూడా నిలబడి ఎరగను. మార్తనూ అదే అడిగారట. ఆమె వాళ్ళ చర్చిలో కోతపండుగ వేలం గురించి చెప్పిందట. ఇంటింటివాళ్ళు తెచ్చిన కోళ్ళు, గుమ్మడికాయలు, అరటిగెలలు ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. ఆ ఏడు వేలంపాట పాడే పెద్దాయన గొంతు పోతే తానే బల్లెక్కిందట. పుచ్చిపోయిన గుమ్మడికాయ ఒకటి వస్తే, దాని పుచ్చు అందరికీ చూపించి, "దీని విత్తులు మంచివి, తీగ కాసింది మా పెరట్లోనే" అని పాడిందట. మంచి కాయలకంటే దానికే ఎక్కువ పాట పలికిందట. ఆ ముగ్గురూ నవ్వారట.

అప్పుడు ఫలితం తెర మీద కనిపించేది కాదు. నలభై రోజులు పోస్టుమాన్ సైకిలు గంట విన్నప్పుడల్లా నలుగురం వాకిట్లోకి వచ్చేవాళ్ళం. ఎంతమంది నాకంటే ముందున్నారో తెలిసే వీలు లేదు. ముందున్న ఒక్క మనిషితో మాత్రం రోజూ కలిసి తినేవాణ్ణి. అది మేలో కీడో ఇప్పటికీ చెప్పలేను. మా మనవరాలికి తనను ఓడించిన వాళ్ళ మొహాలు ఎప్పటికీ తెలియవు. చివరకు కవర్లు రెండూ ఒకేరోజు వచ్చాయి. మార్తకు సీటు వచ్చింది. నాకు రాలేదు. టీచరమ్మ కూతుర్ని దగ్గరకు తీసుకోకముందు నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి బరువు నేను మోయలేకపోయాను.

జూన్‌లో మార్త ప్రయాణమైంది. అయ్యవారు వెంట పోతున్నారు. నేను ఆళ్లగడ్డ దాకా అదే బస్సులో వెళ్ళాను. అయ్యవారు ముందు సీట్లో కునుకుతున్నారు. బయట తొలకరి పడి చేలల్లో ఎడ్లు కట్టిన గుంటకలు తిరుగుతున్నాయి. ఊరు దగ్గర పడుతుంటే ఇక ఆగలేక, "మార్తా, ఆ పొద్దు మా నాయన ఇంట్లోనే ఉన్న్యాడు. నేనే అడగలేదు" అన్నాను.

"తెల్సు," అంది.

"మరి అమ్మకు ఎందుకు చెప్పలేదు?"

ఆమె కిటికీ బయటికే చూస్తూ చెప్పింది. "అప్పటికి అమ్మ నీ దరఖాస్తుకు జత చెయ్యనీకి జాబు రాసి పెట్టింది. అందులో 'ఈ అబ్బాయి నిజాయితీ గలవాడు' అని ఉంది. నేను చెప్పింటే ఆమె ఆ మాట కొట్టేస్తాండె. నీకు పరీక్ష లేకుండా పోతాండె. నేను నీకంటే బాగా రాస్తానని నాకు తెల్సు. ఇంగ నీకు ఆ పరీక్ష కూడా ఎందుకు తీసేయల్ల?"

బస్సు ఆగింది. నాయన అక్కడే నిలబడి ఉన్నాడు, వేయించిన బుడ్డల సంచి పట్టుకుని. మా వైపు వేరుశనగలను అలాగే అంటాం. కిటికీలోంచి సంచి అందించి, "పూచీ పడినోణ్ణి గదా పాపా, ఒకసారి చూసి పంపిద్దామని వస్తి. బాగా చదువుకో" అన్నాడు. బస్సు చాగలమర్రి వైపు కదిలిపోయింది. నేను ఇంటికి పోలేదు. నాయనతో "నంద్యాల పోయొస్తా" అన్నాను. ఆయన ఎందుకని అడగలేదు. ఎదురు బస్సు వచ్చేదాకా నా పక్కనే నిలబడ్డాడు.

నేను వెళ్ళేసరికి టీచరమ్మ ఒంటరిగా ఇస్త్రీ చేసుకుంటూ ఉంది. మార్త చీరలు లేకపోవడంతో బట్టల కుప్ప చిన్నదిగా ఉంది. గుమ్మంలో నిలబడే అంతా చెప్పేశాను, ఆత్మకూరు ఎద్దుల దగ్గర్నుంచి. ఆమె చెయ్యి ఆగింది. చీర అంచు కమిలిన వాసన వచ్చాక గానీ పెట్టె ఎత్తలేదు. "రొట్టె ఉంది, తిను" అని మాత్రం అంది. మూడు రోజులు అంతకుమించి మాట్లాడలేదు. వడ్డించేది, లోపలికి పోయేది. పాట కూడా ఒక్క గొంతుతో, సన్నగా వినిపించేది. నాలుగోనాడు పొద్దున నన్ను పిలిచి అనంతపురం కాలేజీ దరఖాస్తు ముందు పెట్టింది. ఎప్పుడు తెప్పించిందో తెలియదు. దాంతోపాటు తాను రాసిన జాబు అంటించకుండా నా చేతికిచ్చి, "చదువుకో. నచ్చితేనే పంపు" అంది.

నేను ముందు ఆ మాట కోసం వెతికాను. లేదు. చదువులో శ్రద్ధ గలవాడనీ, జ్ఞాపకశక్తి మెండనీ రాసి, చివర ఇంగ్లీషులో ఇంకో వాక్యం రాసింది. తెలుగులో చెబితే ఇంతే: 'తప్పు చేస్తే, ఆలస్యంగానైనా, వచ్చి చెప్పుకుంటాడు.'

అదే జాబు పంపించాను. కాలేజీ వాళ్ళు ఏమనుకున్నారో తెలియదు గానీ సీటు ఇచ్చారు. తర్వాత నేనూ పంతులునై ఎందరో పిల్లలకు అలాంటి జాబులు రాశాను. ఇప్పుడు జాబులు కూడా పోయాయి. నిజాయితీ అని ఒక గడి, దాని కింద ఉత్తమం, మధ్యమం అని గుండ్రాలు ఉంటాయి, ఒకదాన్ని నొక్కితే చాలు. ఎస్తేరమ్మ టీచరు నా గురించి రాసిన మాట పట్టే గడి వాటిలో ఎక్కడా కనిపించలేదు. ఆ మాట నిలబెట్టుకోవలసిన అవసరం నా బతుకులో ఆ తర్వాత నాలుగుసార్లు వచ్చింది. మూడుసార్లు వెళ్ళి చెప్పుకున్నాను. ఒకసారి వెళ్ళేసరికి ఆ మనిషి లేడు.